నాలుగు చక్రాలూ తిరుగుతయ్ సరే, ఆగేదెట్ల?

"అన్నా, 55 లక్షల దాకా పెట్టగలం. ఆల్ వీల్ డ్రైవ్ సెడానే కావాలె. ఏది తీస్కోవాలో ఒక్క ముక్కల చెప్పు."

సిద్దిపేట నుంచి ఒక తమ్ముడు పంపిన మెసేజ్ ఇది. ఒక్క ముక్కలో చెప్పడం చాలా తేలిక. ఆ బడ్జెట్‌లో మన షోరూముల్లో దొరికే కొత్త ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్ ఒక్కటే ఉంది: బీవైడీ సీల్, అందులోనూ పెర్ఫార్మెన్స్ అనే పై వేరియంట్. ఆ పేరు టైప్ చేసి పంపేస్తే నా పని అయిపోయేది. కానీ "ఆల్ వీల్ డ్రైవ్ సెడానే" అన్న ఆ చివరి 'నే' దగ్గర ఆగాను. అంత పట్టుదల ఎందుకో అడిగాను.

అరగంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. నిరుడు వానాకాలం, రాత్రి తొమ్మిదింటికి, హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద ఇంటికి వస్తున్నారట. పక్క సీట్లో వాళ్ల నాన్న. ప్రజ్ఞాపూర్ దాటాక రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి కారు పోయింది. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. కారు పక్కకు జారి డివైడర్‌కి మూరెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి నాన్న రాత్రి ప్రయాణం అంటే వద్దంటున్నాడు. ఊరి పక్కన ఉన్న ప్లాటు ఈ మధ్యే అమ్మారు. "ఎంతైనా గానీ, జారని కారు తీస్కోరా" అన్నాడట. షికాగోలో ఉండే బావ "ఆల్ వీల్ డ్రైవ్ అయితే జారదు, ఇక్కడ మంచులో మేం నడిపేది అదే" అన్నాడట. ఆ రెండు మాటలూ కలిసి 'ఆల్ వీల్ డ్రైవ్ సెడానే' అయ్యాయి.

అందుకే ఈ వారం మామూలు రివ్యూ కాదు. కారు గురించి అన్నీ చెప్తాను. కానీ ముందు ఆ రాత్రి సంగతి తేలాలి.

తమ్ముడూ, నీ కారు ఆ రాత్రి జారింది ముందు రెండు చక్రాలకే పవర్ పోతున్నందుకు కాదు. నీటి మీద టైరు తేలినందుకు. దీన్ని ఆక్వాప్లేనింగ్ అంటారు. టైరు మీద గాళ్లు ఉంటాయి చూడు, అవి అలంకారానికి కాదు. కింద పడ్డ నీటిని పక్కలకు తోసేసి రబ్బరును రోడ్డుకు తగిలించడానికి. గాళ్లు అరిగిపోతే, లేదా వేగం మరీ ఎక్కువైతే, నీళ్లు పక్కకు పోయే టైమ్ ఉండదు. టైరుకీ రోడ్డుకీ మధ్య నీటి పొర చేరుతుంది. ఆ క్షణంలో నీ కారు పడవ. పడవకి నాలుగు చక్రాలూ తిరిగితే ఏంటి, రెండు తిరిగితే ఏంటి? రోడ్డును పట్టుకున్న చక్రం ఒక్కటీ లేదు కదా.

ఆల్ వీల్ డ్రైవ్ చేసే పని ఒక్కటే. ఇంజిన్ లేదా మోటార్ ఇచ్చే బలాన్ని రెండు చక్రాలకు బదులు నాలుగింటికి పంచడం. కదిలేటప్పుడు, వేగం పెంచేటప్పుడు, మలుపులోంచి బయటికి లాగేటప్పుడు అది పనికొస్తుంది. బ్రేక్ తొక్కినప్పుడు దానికి పని లేదు. బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకే ఉంటాయి. మారుతి ఆల్టోకీ నాలుగే, కోటి రూపాయల కారుకీ నాలుగే. ఆగే దూరాన్ని తేల్చేది టైరూ, రోడ్డూ, నీ వేగం. తడి వల్ల రోడ్డు పట్టు సగానికి పడిపోతే, అదే వేగంలో ఆగడానికి రెట్టింపు దూరం కావాలి. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. ఇంటర్ ఫిజిక్స్ ఇది, ఏ బ్యాడ్జీ పెట్టినా మారదు.

మరి షికాగో బావ అబద్ధం చెప్పాడా? లేదు. ఆయన ఉన్న చోట అది నిజమే. మంచు పడ్డాక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోంచి కారు బయటికి రావాలి. చిన్న ఎత్తు మీద సిగ్నల్ పడితే ఆగి మళ్లీ కదలాలి. రెండు చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతుంటే ఆఫీసుకు లీవ్ పెట్టాల్సిందే. అందుకే అమెరికాలో మామూలు ఇంటి సెడాన్‌కి కూడా ఆల్ వీల్ డ్రైవ్ ఉంటుంది. సుబారు లెగసీ అయితే దశాబ్దాలుగా దాంతోనే అమ్ముడుపోయింది. 2025తో ఆ కారు ఆపేశారు, అక్కడా జనం ఎస్‌యూవీల వైపు పోయారు. టొయోటా క్యామ్రీకి సుమారు 1,500 డాలర్లు ఎక్కువ ఇస్తే వెనక చక్రాలకు ఒక మోటార్ పెట్టి ఇస్తారు. అంటే మన లెక్కలో లక్షా పాతిక వేలు, లక్షన్నర. అదే క్యామ్రీ మన దేశంలో ఫ్రంట్ వీల్ డ్రైవ్ మాత్రమే. మన దగ్గర మంచు లేదు కాబట్టి ఎవరూ అడగరు, ఎవరూ తేరు. ఇంకో సంగతి, బావని అడుగు: చలికాలం రాగానే మంచు ఎక్కువ పడే ఊళ్లలో వాళ్లు టైర్లు మార్చుకుంటారు. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు కూడా. ఎందుకంటే కదిలితే సరిపోదు, ఆగాలి కదా.

ఇప్పుడు కారు సంగతి.

సీల్ మన దేశంలోకి 2024 మార్చిలో వచ్చింది. మూడు రకాలు. డైనమిక్ 41 లక్షలు, ప్రీమియం 45.55 లక్షలు, పెర్ఫార్మెన్స్ 53 లక్షలు. ఇవి వచ్చినప్పటి ఎక్స్ షోరూమ్ ధరలు, తర్వాత కొద్దిగా అటూ ఇటూ అయ్యాయి. మొదటి రెండూ వెనక చక్రాల బండ్లు. మూడోది మాత్రమే ఆల్ వీల్ డ్రైవ్. మూడూ చైనాలో తయారై పూర్తి కారుగా దిగుమతి అవుతాయి. కంపెనీ పేరు కొత్తగా అనిపిస్తోందా? 2019లో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు మన ఆర్టీసీ తిప్పడం మొదలుపెట్టిన కరెంటు బస్సులు ఎక్కి ఉంటే నువ్వు వీళ్ల టెక్నాలజీ మీద ఇప్పటికే ప్రయాణం చేశావు. హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా అవి తయారు చేసింది బీవైడీతో కలిసే.

పెట్రోల్ కార్లలో ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజిన్ నుంచి వెనక దాకా ఒక పొడవాటి షాఫ్ట్, మధ్యలో క్లచ్చులు, గేర్లు, వాటికి ఆయిలు. సీల్‌లో అవేమీ లేవు. ముందు ఒక మోటార్, వెనక ఒక మోటార్, రెండింటికీ మధ్య ఇనుప సంబంధం లేదు. ఎవరు ఎంత లాగాలో కంప్యూటర్ చెప్తుంది. ఒక చక్రం జారబోతోందని తెలిసిన వెంటనే దాని బలం తగ్గిస్తుంది. రెండు మోటార్లూ కలిపి 530 పీఎస్, 670 న్యూటన్ మీటర్లు. సున్నా నుంచి వంద 3.8 సెకన్లు. మీ ఇంట్లో ఇప్పుడున్న కారు ఆ పనికి పది, పన్నెండు సెకన్లు తీసుకుంటుంది.

నేను దీన్ని ఒక ఆదివారం పొద్దున శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి నడిపాను. దాచేదేం లేదు, నవ్వొచ్చింది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టిన క్షణంలో వెనక్కి అతుక్కుపోతావు, చప్పుడు లేదు, గేరు కుదుపు లేదు. ఔటర్ మీద పరిమితి 120. అది అయిదారు సెకన్లలో వచ్చేస్తుంది. ఆ తర్వాత ఈ కారుకి చేయడానికి పని మిగలదు. మిగతా గంట నువ్వు 530 పీఎస్‌ని పట్టుకుని ముందున్న లారీ పక్కకు జరిగేదాకా చూస్తుంటావు.

రాజీవ్ రహదారి మీద కథ వేరు. ఆ రోడ్డు నీకు నాకన్నా బాగా తెలుసు. నాలుగు లైన్లే గానీ ఎక్కడ డివైడర్ తెరిచి ఉంటుందో, ఎక్కడ రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ వస్తుందో, ఎక్కడ గొర్ల మంద దాటుతుందో చెప్పలేం. కుకునూరుపల్లి, దుద్దెడ దగ్గర వేగం తగ్గించాలి, మళ్లీ ఎత్తుకోవాలి. ఆ మళ్లీ ఎత్తుకోవడంలో సీల్ హాయిగా ఉంటుంది. అయితే ఆ హాయి మధ్య వేరియంట్‌లో కూడా ఉంది. ప్రీమియంకి 312 పీఎస్, వందకి 5.9 సెకన్లు. లారీని దాటడానికి అంతకంటే ఎవరికీ అక్కర్లేదు.

పంటల టైమ్‌లో మన రోడ్ల మీద ఇంకో సంగతి ఉంది, ఏ కార్ రివ్యూలోనూ కనపడదు. వడ్లు. కోతలయ్యాక కల్లం చాలక రైతులు రోడ్డు మీదే ఆరబోస్తారు. ఒక పక్క లైన్ మొత్తం వడ్లు, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి, రాత్రి పూట నల్ల టార్పాలిన్ కప్పి ఉంటుంది. చీకట్లో కనపడదు. రాళ్లు తప్పించబోయి వడ్ల మీద బ్రేక్ తొక్కితే గోలీల మీద కాలు పెట్టినట్టే. రైతుని తిట్టి లాభం లేదు, తేమ శాతం ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఆయన ఎక్కడ ఆరబెట్టాలి? మన వైపు నుంచి చేయగలిగింది లైట్లు, వేగం, టైర్లు. రెండు టన్నులు దాటిన సీల్ అయినా, మీ ఇంటి చిన్న కారు అయినా వడ్ల మీద ఒక్కలాగే జారుతుంది.

నీ మెసేజ్‌లో రెండో కారణం కూడా ఉంది. రంగనాయక సాగర్ అవతల మీ చెల్క ఉంది, వానాకాలం అక్కడికి కారు పోవాలి, ఆల్ వీల్ డ్రైవ్ అయితే బురదలో దిగబడదు అన్నావు. ఇక్కడ కొంచెం నవ్వుకున్నాను, ఏమనుకోకు.

చెల్క బాట ఎట్లుంటుంది? ట్రాక్టర్ పెద్ద టైర్లు రెండు పక్కలా గాడి తవ్వేస్తాయి, మధ్యలో గట్టులా గడ్డి మిట్ట మిగులుతుంది. ట్రాక్టర్‌కి పర్వాలేదు, దాని పొట్ట పైన ఉంటుంది. సీల్ పొట్టకీ నేలకీ మధ్య ఖాళీ 150 మిల్లీమీటర్లు కూడా లేదు. అంటే జానెడు లేదు. చక్రాలు గాడిలోకి దిగగానే పొట్ట మిట్ట మీద కూర్చుంటుంది. అప్పుడు నాలుగు చక్రాలకూ పవర్ ఉంటుంది నిజమే, నాలుగూ కలిసి గాలిలో తిరుగుతాయి. పైగా ఈ కారు పొట్ట అంటే రేకు కాదు, బ్యాటరీ. కారులో అన్నిటికంటే ఖరీదైన వస్తువు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కింద తగిలి బ్యాటరీ దెబ్బతింటే వస్తుందా రాదా అని రాతపూర్వకంగా అడుగు. మాటతో సరిపెట్టుకోకు.

నాకిది పుస్తకంలో చదివిన భయం కాదు. కొన్నేళ్ల కింద మల్లన్న జాతరకి, పట్నం వారం నాడు, నా పాత సెడాన్‌లో అయిదుగురం కొమురవెల్లి పోయాం. పార్కింగ్ కోసం పొలంలోకి దింపమన్నారు. దింపాను. తిరిగి ఎక్కించేటప్పుడు కింద గర్రుమని చప్పుడు. అందరూ దిగి తోస్తే తప్ప బండి కదల్లేదు. ఒగ్గు కథ చూసి వస్తున్న నలుగురు కుర్రాళ్లు చేయి వేశారు. ఆ కారు కింద కవర్ ఊడి రోడ్డంతా గీసుకుంటూ ఇంటికొచ్చింది. తప్పు కారుది కాదు, దాన్ని అక్కడికి తీసుకుపోయినవాడిది.

చెల్కకి పోవడమే ముఖ్యమైతే ఎత్తుగా ఉండే బండి చూసుకో. కరెంటుదే కావాలంటే టాటా హారియర్ ఈవీలో రెండు మోటార్ల రకం ఉంది, 2025లో వచ్చింది, 29 లక్షల దగ్గర మొదలు. సీల్ పెర్ఫార్మెన్స్ ధరలో సగం కంటే కొంచెం ఎక్కువ. మహీంద్రా థార్, స్కార్పియో ఎన్‌లలో డీజిల్ ఫోర్ బై ఫోర్‌లు ఉన్నాయి. అవి గొప్ప సెడాన్లు కావు, కాబోవు కూడా. కానీ గాడి దాటుతాయి. వాగు మాత్రం ఏ బండితోనూ దాటొద్దు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ వైపు వానలు ఎంత పని చేశాయో చూశాం. లో లెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే ఫోర్ బై ఫోర్ అయినా, ఏదైనా, ఇవతలే ఆగడమే.

ఇక డబ్బు. ఇక్కడ ఈవీకి మన రాష్ట్రంలో ఇప్పుడు పెద్ద లాభం ఉంది. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా కరెంటు కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇది చిన్న మాట కాదు. 48 లక్షల పెట్రోల్ హైబ్రిడ్ క్యామ్రీ కొంటే లైఫ్ ట్యాక్సే ఎనిమిది లక్షలు దాటుతుంది. అదే మధ్య వేరియంట్ సీల్‌కి సున్నా. ఈ ఒక్క తేడాతో షోరూమ్‌లో పక్కపక్కన నిలబడ్డ రెండు కార్లు ఇంటికొచ్చేసరికి దూరం జరిగిపోతాయి. గడువు తేదీ గుర్తుపెట్టుకో. డెలివరీ ఆలస్యమై రిజిస్ట్రేషన్ గడువు దాటితే ఎవరిది బాధ్యత అని డీలర్‌ని ముందే అడుగు.

రేంజ్ గురించి కంపెనీ పెర్ఫార్మెన్స్‌కి 580 కిలోమీటర్లు అంటుంది, ప్రీమియంకి 650. బ్యాటరీ రెండింటిలోనూ ఒక్కటే, 82.56 యూనిట్లు. ఒక మోటార్, కొంత బరువు ఎక్కువ ఉండటంతో ఆల్ వీల్ డ్రైవ్ ప్రతి ఛార్జ్‌కీ 70 కిలోమీటర్లు తింటుంది. ఎక్కువ డబ్బు కట్టి తక్కువ దూరం కొనుక్కోవడమన్నమాట. ఈ 580 ల్యాబ్ లెక్క. హైవే మీద ఏసీ వేసుకుని వందలో పోతే వంద కిలోమీటర్లకి 18 నుంచి 20 యూనిట్లు అనుకుంటే, 410 నుంచి 460 మధ్య వస్తుంది. సిద్దిపేట నుంచి శంషాబాద్ పోయి రావడం దర్జాగా అవుతుంది. తిరుపతి అయితే దారిలో ఆగాలి.

ఇంట్లో 7 కిలోవాట్ ఛార్జర్ మీద ఖాళీ నుంచి నిండడానికి పన్నెండు గంటలు. రోజూ ఖాళీ చేయవు కాబట్టి రాత్రి పెడితే పొద్దునకి సరిపోతుంది. కానీ మీ ఇంటి మీటర్ మీద ఎంత లోడ్ శాంక్షన్ అయిందో చూసుకున్నావా? చాలా ఇళ్లకి రెండు, మూడు కిలోవాట్లే ఉంటుంది. కరెంటు ఆఫీసులో లోడ్ పెంచుకోవాలి, విడిగా ఎర్తింగ్ వేయించాలి. ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధి అయితే ఒక వారం రాసి పెట్టుకో. యూనిట్ పది రూపాయలు పడినా వంద కిలోమీటర్లకి రెండొందలకి అటూ ఇటూ. పెట్రోల్ హైబ్రిడ్ నిజంగా లీటరుకి 18 ఇచ్చినా అదే దూరానికి ఆరొందల దగ్గర అవుతుంది. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగితే ఎనిమిది వేలు మిగులుతాయి. బాగుంది. అయితే ప్రీమియంకీ పెర్ఫార్మెన్స్‌కీ మధ్య ఉన్న ఏడున్నర లక్షల్ని ఈ మిగులుతో పూడ్చాలంటే ఏడున్నరేళ్లు దాటుతుంది.

పక్కన పెట్టకూడని ఇంకొన్ని. ఏ సమస్య వచ్చినా బండి హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కి పోవాలి. వంద కిలోమీటర్లు. దిగుమతి కారు కాబట్టి అద్దం పగిలినా, బంపర్ విరిగినా పార్ట్ ఎన్ని రోజుల్లో వస్తుందో డీలర్‌ని కాదు, ఇప్పటికే కొన్నవాళ్లని అడుగు. స్పేర్ వీల్ ఉండదు, పంక్చర్ కిట్ ఇస్తారు. టైరు సైజు 235/45 ఆర్19. ఈ సైజు రాసుకుని మన బస్టాండ్ దగ్గర టైర్ల షాపుల్లో నాలుగు తిరిగి, స్టాక్‌లో ఉందా, ధర ఎంత అని కనుక్కో. ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి నాలుగూ ఒకేలా అరిగేట్టు చూసుకోవాలి, ఒక్కటి కొత్తది వేసి మూడు పాతవి ఉంచడం మంచిది కాదు. అమ్మేటప్పుడు ఏం వస్తుందన్నది ఇంకా గట్టిగా చెప్పే పరిస్థితి లేదు. కరెంటు కార్ల ధరలు ఏటా మారుతున్నాయి, 53 లక్షల కారు అయిదేళ్ల తర్వాత ఎంతకి పోతుందో ధైర్యంగా చెప్పేవాడు నీకు ఏదో అమ్ముతున్నాడు.

మీ నాన్న వెనక సీట్లో కూర్చుంటాడు కదా. సీల్‌లో బ్యాటరీ నేల కింద ఉండటంతో వెనక పాదాలు కాస్త ఎత్తులో ఉంటాయి, తొడలు సీటుకి పూర్తిగా ఆనవు. కుర్రాళ్లకి తెలియదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి గంటన్నర ప్రయాణంలో తెలుస్తుంది. కారు కిందికి ఉంటుంది కాబట్టి దిగేటప్పుడు చేయి పట్టుకోవాల్సి రావచ్చు. టెస్ట్ డ్రైవ్‌కి ఆయన్ని తీసుకుపో. నువ్వు నడపడం కాదు, ఆయన వెనక కూర్చుని ఎక్కి దిగడం చూడు. నలుగురిని ఎక్కించుకుని మీ వీధి స్పీడ్ బ్రేకర్ దాటించు, హైదరాబాద్ షోరూమ్ ముందున్నది కాదు.

బాగున్నవీ చెప్పాలి. యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో 2023లో అయిదు స్టార్లు వచ్చాయి. తొమ్మిది ఎయిర్ బ్యాగులు. జారినప్పుడు కారుని అదుపులో పెట్టే స్టెబిలిటీ కంట్రోల్ మూడు రకాల్లోనూ ఉంది, నీకు కావాల్సిన భద్రతలో పెద్ద వాటా దానిదే, ఆల్ వీల్ డ్రైవ్‌ది కాదు. బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ రకం, మన ఎండలకి మిగతావాటికంటే నిబ్బరంగా ఉండేది. అందుకే 45 లక్షల ప్రీమియం మంచి సెడాన్ అని నేను ఎవరికైనా చెప్తాను. పెర్ఫార్మెన్స్ కూడా మంచి కారే. పెట్రోల్‌లో ఇలాంటి వేగం, ఆల్ వీల్ డ్రైవ్ సెడాన్‌లో కావాలంటే బీఎండబ్ల్యూ ఎం340ఐ ఉంది, అది 70 లక్షలు దాటింది. ఆ లెక్కన చూస్తే 53 చవక. 3.8 సెకన్ల కోసం కొనుక్కుంటానంటే కొనుక్కో, అందులో సిగ్గేం లేదు, పాతికేళ్ల వయసులో నాకూ అదే కావాలనిపించేది. కానీ నాన్నకి "ఇది జారదు" అని చెప్పి కొనకు. ఆయన ప్లాటు అమ్మిన డబ్బు ఇస్తున్నది ఆ ఒక్క మాటకి.

ఇదంతా రాసి పంపే ముందు ఆ తమ్ముణ్ని ఒక పని అడిగాను. ఇప్పుడున్న కారు టైర్ల ఫొటోలు పంపమన్నాను. టైరు పక్కన గీసినట్టు ఉండే చిన్న గుడ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, అవి దగ్గరగా తీయమన్నాను. ఫొటో వచ్చింది: 2217. అంటే 2017లో 22వ వారం తయారైన టైరు. కారుతో పాటు వచ్చిందే, ఒక్కసారీ మార్చలేదు. గాళ్ల మధ్య చిన్న చిన్న రబ్బరు మెట్లు ఉంటాయి, టైరు అరిగి 1.6 మిల్లీమీటర్లకి చేరితే ఆ మెట్టూ పై రబ్బరూ సమానమవుతాయి. ఫొటోలో రెండు ముందు టైర్లకీ ఆ మెట్టు ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. కలిసిపోయింది. పక్క గోడలో సన్నటి పగుళ్లు కూడా. ఆ రాత్రి ప్రజ్ఞాపూర్ దగ్గర నీళ్లలో ఆ కారు రోడ్డు మీద నిలబడి ఉంటే ఆశ్చర్యపోయేవాణ్ని.

"గాలి చూపిస్తనే ఉంటనన్నా, గివి ఎన్నడు చూడలె" అన్నాడు.

ఈ పని చదువుతున్న మీరు కూడా చేయొచ్చు, ఇప్పుడే, ఫోన్ టార్చ్ వేసుకుని. చివరి రెండు అంకెలు సంవత్సరం. ఆరేళ్లు దాటితే గాళ్లు ఉన్నా ఒకసారి మంచి షాపులో చూపించండి, రబ్బరు గట్టిపడిపోతే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. టైరు మెట్టు కలిసిపోతే వానాకాలం దాకా ఆగొద్దు. మంచివి నాలుగు చిన్న కారు టైర్లు పాతిక వేల లోపే వస్తాయి.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ మెసేజ్. నాలుగు టైర్లూ మార్చాడు. అలైన్‌మెంట్ చేయించాడు. మొన్న వాన పడ్డ రోజు నాన్నని ఎక్కించుకుని దుద్దెడ టోల్ దాకా పోయి వచ్చాడట, అరవైలో. తిరిగొచ్చాక ఆయన చాయ్ తాగుతూ "మంచిగనే ఉంది గదరా, ఇగ కొత్తదెందుకు?" అన్నాడట.

తమ్ముడు మాత్రం సీల్ టెస్ట్ డ్రైవ్ రద్దు చేసుకోలేదు. వచ్చే ఆదివారం. ఏ వేరియంట్ అని అడిగితే ఇంకా జవాబు రాలేదు.